కోపిష్టి చేపల కాపురం

మన తెలుగువాళ్ళలో చేపల మీద ప్రేమ ఉన్నవాళ్ళు రెండు రకాలు. పులుసులో చూసి ప్రేమించేవారు మొదటి రకం. గాజు తొట్టిలో చూసి ప్రేమించేవారు రెండో రకం. మొదటి రకం వారిదే మెజారిటీ అని వేరే చెప్పనక్కరలేదు. నేను రెండు పార్టీల్లోనూ సభ్యుణ్ణే కాని, ఈ సంచికకు రెండో రకం ప్రేమ గురించి రాస్తున్నాను. కాబట్టి శాకాహార మిత్రులు కూడా నిస్సంకోచంగా చదవవచ్చు. మా తొట్టిలోని చేప ఒక్కటీ పొయ్యి ఎక్కదు.

శాన్ ఆంటోనియోలో మా ఇంటికి వచ్చే మిత్రులు హాల్లో ఉన్న 55 గాలన్ల తొట్టి చూసి, "చేపల్ని చూస్తూ కూర్చుంటే మనసు ఎంత ప్రశాంతంగా ఉంటుందో కదండీ!" అంటూ ఉంటారు. ప్రశాంతత కావలసినవారు నియాన్ టెట్రాలో, గప్పీలో పెంచుకోవాలి. మేము పెంచేవి సిక్లిడ్లు. వీటి ముందు కూర్చుంటే ప్రశాంతత మాట దేవుడెరుగు, గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి కోడిపందెం చూస్తున్నట్టే ఉంటుంది. తేడా ఏమిటంటే పందెం కోళ్ళు గుడ్లు పొదగవు, పిల్లల్ని సాకవు. ఈ చేపలు ఎంత పౌరుషంగా పోట్లాడతాయో అంత ప్రేమగా పిల్లల్ని పెంచుతాయి. ఆ రెండు గుణాలూ ఒకే వేరు నుంచి పుట్టినవని నాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. ఆ సంగతే ఇక్కడ చెప్పబోతున్నాను.

ఎవరీ సిక్లిడ్లు?

సిక్లిడ్లు ఒక పెద్ద చేపల కుటుంబం. ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టినవే 1,700 జాతులకు పైగా ఉన్నాయి. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా, విక్టోరియా సరస్సులు, దక్షిణ అమెరికా, మధ్య అమెరికా నదులు వీటి పుట్టిళ్ళు. పేరు కొత్తగా అనిపించినా మనకు తెలియని కుటుంబమేమీ కాదు. కిరాణా దుకాణాల ఫ్రీజర్లో కనిపించే తిలాపియా సిక్లిడ్డే. అక్వేరియం షాపుల్లో అందరూ ముచ్చటపడే ఏంజెల్ ఫిష్ కూడా సిక్లిడ్డే.

భారతదేశానికి సొంతమైన సిక్లిడ్లు మూడే మూడు. వాటిలో పెద్దది కేరళవారు కరిమీన్ అని పిలిచే చేప. 2010లో ఆ రాష్ట్రం దాన్ని తన రాష్ట్ర చేపగా ప్రకటించింది. మన పులికాట్ సరస్సులో కూడా అది దొరుకుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు సొంతమైన సిక్లిడ్ ఒకే ఒక్కటి, అది మా టెక్సాస్‌ది. రియో గ్రాండే నదీ ప్రాంతంలో పుట్టిన ఆ చేపకు నల్లటి ఒంటి మీద నీలం చుక్కలు చల్లినట్టుంటాయి. దాన్ని టెక్సాస్ సిక్లిడ్ అనే పిలుస్తారు. మరో జాతికి జాక్ డెంప్సీ అని పేరు. 1919 నుంచి 1926 దాకా హెవీ వెయిట్ బాక్సింగ్ చాంపియన్‌గా ఉన్న వస్తాదు పేరు ఒక చేపకు పెట్టారంటే దాని స్వభావం ఎలాంటిదో వేరే చెప్పాలా!

ఇంట్లో పిల్లలు పెట్టించాలని సరదాపడేవారు మొదలుపెట్టవలసింది మాత్రం కాన్విక్ట్ సిక్లిడ్‌తో. మధ్య అమెరికా వాగుల్లో పుట్టిన చేప. బూడిదరంగు ఒంటి మీద నిలువు నల్ల చారలుంటాయి కనుక 'ఖైదీ' అని పేరు వచ్చింది. మగది నాలుగైదు అంగుళాల దాకా పెరుగుతుంది, ఆడది ఇంకా చిన్నది. చేపల్లో సాధారణంగా మగవాటికే సోకులు ఎక్కువ. ఇక్కడ తిరగేసి, ఆడచేప పొట్ట మీదే నారింజరంగు మెరుస్తుంది. ఆడ మగ గుర్తుపట్టడం అందుకే తేలిక.

ఇల్లు కట్టి చూడు

మన సామెత చేపలకు కూడా వర్తిస్తుంది. ముందు ఇల్లు, తర్వాతే పెళ్ళి.

ఒక కాన్విక్ట్ జంటకు 20 గాలన్ల పొడుగు తొట్టి కనీసం ఉండాలి. 40 గాలన్లయితే మీకూ వాటికీ సుఖం. ఎత్తు కంటే పొడవు, వెడల్పు ముఖ్యం. ఎందుకంటే ఈ చేపలు నేలను పంచుకుంటాయి గాని నీళ్ళను కాదు. పెద్ద తొట్టి కొనేవారు ఒక లెక్క గుర్తుంచుకోండి. గాలన్ నీళ్ళు ఎనిమిది పౌన్ల పైచిలుకు తూగుతాయి. 55 గాలన్ల తొట్టి ఇసుక, రాళ్ళతో సహా 600 పౌన్లకు పైమాటే. అపార్టుమెంటు మేడ మీద ఉండేవారు బలమైన గోడ పక్కన పెట్టుకోవాలి.

నీళ్ళు పోసిన రోజునే చేపల్ని వదలకూడదు. చేపలు విసర్జించే అమ్మోనియా వాటికే విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో చేరాలి. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. త్వరగా కావాలంటే పాత తొట్టి ఉన్న స్నేహితుణ్ణి అడిగి, వాడిన ఫిల్టర్ స్పాంజి ఒక ముక్క తెచ్చి వేయండి. పాలల్లో పెరుగు తోడు వేసినట్టే. ఆ తర్వాత కూడా వారానికి పావు వంతు నీళ్ళు తీసి, క్లోరిన్ విరిచే మందు కలిపిన కొత్త నీళ్ళు పోస్తూ ఉండాలి. మా ఊరి నీళ్ళు సున్నపురాతి పొరల్లోంచి వస్తాయి. స్కూల్లో కఠినజలం అని చదువుకున్నామే, అవే. షవర్ తలుపు మీద తెల్ల మరకలు చూసి మా ఆవిడ విసుక్కుంటుంది గాని, మధ్య అమెరికా చేపలకు అలాంటి నీళ్ళే హాయి.

లోపలి సామాను చాలా తక్కువ. అడుగున సన్నటి గులక, వేడి 78, 80 డిగ్రీల మధ్య నిలిపే హీటరు, కొన్ని రాళ్ళ గుట్టలు, రెండు మూడు మట్టి పూలకుండీలు అడ్డంగా పడుకోబెట్టి. కుండీలు జంటకొకటి చొప్పున కాదు, ఎప్పుడూ ఒకటి రెండు ఎక్కువే ఉండాలి. ఒక మూల నిలబడి చూస్తే రెండో మూల కనిపించకుండా సామాను అమర్చాలి. దీని అవసరం ముందు ముందు తెలుస్తుంది.

పెళ్ళి చేసి చూడు

షాపుకు వెళ్ళి ఒక పెద్ద మగచేపను, ఒక పెద్ద ఆడచేపను ఏరి తెచ్చి ఒక తొట్టిలో వేస్తే పెళ్ళి అయిపోదు. చాలాసార్లు తెల్లారేసరికి ఆడచేప చచ్చి తేలుతుంది. సిక్లిడ్లలో మనం కుదిర్చే సంబంధాలు నిలవవు, స్వయంవరమే పద్ధతి. అంగుళం సైజు పిల్లలు ఆరు తెచ్చి కలిపి పెంచాలి. అయిదారు నెలలు తిరక్కుండానే వాటిలో రెండు ఒక కుండీ చూసుకుని, మిగతా నాలుగింటినీ దగ్గరకు రానివ్వడం మానేస్తాయి. సంబంధం కుదిరిందన్నమాట. ఆ నాలుగింటికీ వెంటనే వేరే బస చూడాలి.

జంట కుదిరాక పెట్టే పరీక్షలు చూడాలి! ఒకదాని ఎదుట ఒకటి మొప్పలు విప్పి నిలబడతాయి. తోకతో నీళ్ళు విసురుకుంటాయి. నోరు నోరు కలిపి పట్టుపడతాయి. చూసేవారికి అది యుద్ధంలా ఉంటుంది. నా మటుకు, పిల్లల కోసం నెలన్నర పాటు శత్రువుల ముందు నిలబడగలవాడా కాడా అని ఆడచేప తేల్చుకుంటోందనే అనిపిస్తుంది.

కోపం ఎందుకు?

ఇక్కడ కాస్త ఆగి అసలు ప్రశ్న వేసుకుందాం. ఎన్నో జాతుల చేపలు గుడ్లు నీళ్ళలో వదిలేసి తమ దారిన తాము పోతాయి. వాటికి ఇల్లు లేదు, పొలిమేర లేదు, కనుక కోపమూ అంతగా లేదు. సిక్లిడ్ గుడ్లను ఒక చోట అంటించి, వాటికి కాపలా కాస్తుంది. కాపలా అంటే హద్దు గీయాలి. హద్దు గీస్తే దాటినవాణ్ణి తరమాలి. పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. మా ఊరి చెరువులో కొర్రమీను పిల్లల గుంపు ఎర్రగా నీటి మీద కదులుతుంటే, కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయని, అక్కడ చెయ్యి పెట్టకూడదని పెద్దవాళ్ళు చెప్పేవారు. కొర్రమీను సిక్లిడ్ కాదు. పిల్లల్ని కాచే గుణం మాత్రం రెండిటికీ ఒకటే.

వాగులో ఓడిపోయిన చేప పది అడుగులు ఈది పొలిమేర దాటుతుంది. గెలిచినది వెనక్కి తిరుగుతుంది. తగువు అంతటితో సరి. గాజు తొట్టిలో ఆ పది అడుగులు లేవు. ఓడినది ఎంత పారిపోయినా గెలిచినదాని కళ్ళముందే ఉంటుంది. ఇంకా పోలేదేమని అది మళ్ళీ తరుముతుంది. తొట్టిలో జరిగే హత్యల్లో ఎక్కువ భాగం ఈ లెక్కలోవే. చేప చెడ్డది కాదు, గోడ దగ్గరైంది.

కాపురంలో కలతలు

మా మొదటి జంటకు ఇది స్వయంగా చూశాము. తొలి కాన్పు పిల్లలు నెల దాటాక వాటిని వేరే తొట్టికి మార్చాము. వారం తిరక్కుండా మగచేప మళ్ళీ కుండీ శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది. ఆడచేప ఇంకా తేరుకోలేదు. గుడ్లు తయారు కావడానికి దానికి తిండి కావాలి, రోజులు కావాలి. మగదానికి ఆ ఆలస్యం లేదు. రెండో రోజుకు ఆడచేప రెక్కలు చీలికలయ్యాయి, పక్కన పొలుసులు రాలాయి. హీటరు వెనక, నీటి పైఅంచున తల పైకి పెట్టి నిలబడింది. అప్పుడు అయిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి తొట్టి ముందు నుంచి కదల్లేదు.

"నాన్నా, వాడు దాన్ని చంపేస్తాడా?" అని అడిగింది.

"చంపగలడమ్మా" అన్నాను. పిల్లల దగ్గర అబద్ధం చెప్పి లాభం లేదు.

ఇలాంటి అవసరానికని తెచ్చి ఉంచిన సరంజామా ఒకటి ఉంది. ఆఫీసుల్లో ట్యూబులైట్ల కింద బిగించే తెల్ల ప్లాస్టిక్ జాలీ. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. కొలత ప్రకారం కత్తిరించి తొట్టి మధ్యలో నిలబెడితే నీళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి, చేపలు తిరగలేవు. బిగించడానికి సిద్ధమవుతుంటే మా ఆవిడ ఒక మాట అంది.

"ఏమండీ, ఆ జాలీలో అది మాత్రమే పట్టే కన్నం ఒకటి పెట్టండి. అవతలికి వెళ్ళాలో వద్దో అదే తేల్చుకుంటుంది."

కోపిష్టి జాతుల్ని పెంచే అనుభవజ్ఞులు అనుసరించే పద్ధతి కూడా సరిగ్గా ఇదే. ఆడది చిన్నది కనుక కన్నంలోంచి దూరుతుంది, మగది పట్టదు. నాలుగు గళ్ళు కత్తిరించి చిన్న వాకిలి చేశాము. మంచి నీళ్ళు, మంచి తిండి, వారం రోజుల నిర్భయం. రెక్కలు మళ్ళీ మొలిచాయి. పదకొండో రోజు సాయంత్రం ఆడచేప తనంతట తానే వాకిలి దాటి వెళ్ళింది. మగచేప మొప్పలు విప్పింది. ఆడది బెదరక ఎదురు నిలిచింది, ఆ తర్వాత తాపీగా తన గదికి తిరిగి వచ్చేసింది. అలా మూడు నాలుగు రోజులు రాకపోకలు సాగాక ఇద్దరూ ఒక కుండీలో కనిపించారు. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం సరిగ్గా తిన్నది.

జాలీ పద్ధతికి ఇంకో ఉపయోగం ఉంది. రెడ్ డెవిల్ లాంటి పెద్ద, భయంకరమైన జాతుల్లో జంటను ఎప్పుడూ కలపకుండానే పిల్లలు పెట్టిస్తారు. ఆడచేప జాలీకి ఆనుకుని ఉన్న రాయి మీద గుడ్లు పెడుతుంది. మగది అవతలి నుంచే వీర్యం వదులుతుంది. నీటి ప్రవాహం మిగతా పని చేస్తుంది.

పక్కింటివాళ్ళు ఉంటేనే మేలు

చేపల కోపం గురించి లోతుగా ఆలోచించినవాడు ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో టిన్‌బెర్గెన్, ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. 1963లో జర్మన్ భాషలో వెలువడిన ఆయన పుస్తకం ఇంగ్లీషులో 'ఆన్ అగ్రెషన్' అనే పేరుతో ప్రసిద్ధం. అందులో ఆయన సిక్లిడ్ల గురించి ఒక తమాషా విషయం రాశాడు. ఒక జంటను ఒంటరిగా ఉంచితే, పోట్లాడటానికి ఎవరూ లేక మగచేప తన కోపం పెళ్ళాం మీదే చూపిస్తుంది. అదే తొట్టి మధ్య గాజుపలక పెట్టి అవతల మరో జంటను ఉంచితే రెండు మగచేపలూ అద్దానికి అటూ ఇటూ నిలబడి ఒకదాని మీద ఒకటి ఆవేశపడతాయి. రెండు కాపురాలూ చల్లగా సాగుతాయి. అద్దం మీద పాచి పట్టి పొరుగువాడు కనిపించకపోతే మళ్ళీ ఇంట్లో గొడవ మొదలు. మగచేప మొరటుదనం చూసి, అద్దం తుడవవలసిన రోజు వచ్చిందని తెలుసుకునేవారట.

ఇది చదివి పక్కింటివాళ్ళతో తగువు పెట్టుకోమని నేను చెప్పినట్టు ప్రచారం చెయ్యవద్దని మనవి. కోపం కుండలో నీరులా నిండుతూ ఎక్కడో ఒకచోట ఒలికి తీరుతుందన్న లోరెంజ్ సిద్ధాంతాన్ని తర్వాతి శాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. దాన్ని మనుషులకు అన్వయించడం మీద ఇంకా పెద్ద దుమారం లేచింది. అయినా తొట్టి వరకు ఆయన చిట్కా పనిచేస్తుంది. మా ఇంట్లో రెండు తొట్లు పక్కపక్కన ఆనించి పెట్టిన తర్వాత జాలీ అవసరం చాలా తగ్గింది.

దీనికి తోడు మరో ఉపాయం ఉంది. నీటి పైభాగంలో తిరిగే చురుకైన చేపలు అరడజను వెయ్యాలి. మన దక్షిణాది సెలయేళ్ళలో పుట్టిన జయంట్ డానియో అందుకు పెట్టింది పేరు. సిక్లిడ్‌కు దాన్ని తరమడానికి ఉత్సాహమే గాని అందుకోవడానికి వేగం చాలదు. కాపలా కాయడానికి ఒక శత్రువు కనిపిస్తే భార్యాభర్తలు ఒక పక్షం అవుతారు.

పిల్లల పెంపకం

కాన్విక్ట్ ఆడచేప వంద నుంచి మూడు వందల దాకా గుడ్లు కుండీ లోపలి గోడకు అంటిస్తుంది. ఆ తర్వాత అది లోపల రెక్కలతో విసురుతూ గుడ్లకు గాలి ఆడేలా చూస్తుంది. బూజు పట్టిన తెల్ల గుడ్లను ఏరేస్తుంది. మగది బయట పొలిమేర కాస్తుంది. సుమారు మూడు రోజులకు గుడ్లు పగులుతాయి. తల్లిదండ్రులు తోకలు కొట్టుకునే పిల్లల్ని నోటితో పట్టి, గులకలో ముందే తవ్విన గుంటలోకి చేరుస్తాయి. ఇంకో నాలుగైదు రోజులకు పొట్టకు ఉన్న సొన కరిగి పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. అప్పటి నుంచే మనం తిండి పెట్టాలి. ఉటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వచ్చే ఉప్పునీటి రొయ్య గుడ్లను ఉప్పునీళ్ళలో వేసి గాలి బుడగలు పెడితే ఒక్క రోజులో పొదుగుతాయి. అవి దొరకకపోతే మామూలు చేప మేత వేళ్ళతో పొడి చేసి చల్లినా సరిపోతుంది.

ఇక తల్లిదండ్రుల ఓపిక చూడవలసిందే. గులకను రెక్కలతో రేపి, అడుగున ఉన్న ఆహారం పైకి లేపుతాయి. ఎండుటాకు ఉంటే నోటితో ఎత్తి పట్టుకుంటాయి, పిల్లలు కింద మేస్తాయి. చీకటి పడే వేళకు తప్పిపోయినవాటిని నోట్లో వేసుకుని తెచ్చి గూట్లో ఉమ్ముతాయి. కోస్టారికా వాగుల్లో పరిశీలించినవారు ఇంకో విచిత్రం కనిపెట్టారు. ఈ జంటలు పరాయి పిల్లల్ని కూడా తమ గుంపులో చేర్చుకుంటాయి, అవి తమ పిల్లల కంటే చిన్నవైతేనే! శత్రువు వచ్చినప్పుడు ముందు చిన్నవే దొరుకుతాయి కదా. దయ, స్వార్థం ఒకే పళ్ళెంలో వడ్డించడం ప్రకృతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

లోరెంజ్ 1949 నాటి మరో పుస్తకంలో ఒక జూయెల్ ఫిష్ తండ్రి కథ చెప్పాడు. నోట్లో పురుగు నములుతుండగా తప్పిపోయిన పిల్ల ఎదురైంది. పిల్లనూ నోట్లోకి తీసుకున్నాడు. ఇప్పుడు ఒకటి మింగాలి, ఒకటి మింగకూడదు. కాసేపు కదలకుండా నిలబడి, రెండిటినీ కింద ఉమ్మేసి, పిల్ల మీద ఒక కన్ను వేసి ఉంచి పురుగు తినేసి, అప్పుడు పిల్లను ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళాడట. ఆఫీసు పని మధ్యలో డేకేర్ నుంచి ఫోన్ వచ్చిన తండ్రులకు ఈ కథ బాగా అర్థమవుతుంది.

మిగిలిన పిల్లలు

మొదటి కాన్పుకు మురిసిపోతాం. మూడో కాన్పుకు తల పట్టుకుంటాం. కాన్విక్ట్ జంట కొన్ని వారాలకొకసారి పిల్లలు పెట్టగలదు. ముందే ఒక అక్వేరియం షాపు యజమానితో మాట్లాడి పెట్టుకోండి. చాలామంది మేతకో, సామానుకో బదులుగా పిల్లల్ని తీసుకుంటారు. తీసుకునేవాళ్ళు లేనప్పుడు కుండీలు తీసేసి, వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తే జంట జోరు తగ్గుతుంది.

ఒక్క పని మాత్రం ప్రాణం పోయినా చెయ్యవద్దు. పాపం కదా అని వాటిని వాగులోనో చెరువులోనో వదలవద్దు. టెక్సాస్‌లో అది చట్టరీత్యా నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, మా శాన్ ఆంటోనియో నదికి వెళ్ళి చూడండి. అక్వేరియాల నుంచి వచ్చిన సక్కర్ చేపలు అక్కడ స్థిరపడి ఒడ్లు తవ్వుతున్నాయి. ఇండియాలో మన చేపల చెరువుల రైతులకు కూడా ఆ జాతి తలనొప్పిగా తయారైంది. మా టెక్సాస్ సిక్లిడ్ సైతం న్యూ ఆర్లీన్స్ కాలవల్లో పరాయి చేపే. పిల్లల్ని కాచుకునే పౌరుషం సొంత వాగులో వరం. పరాయి వాగులో అక్కడి చేపలకు శాపం.

మా చేపలు నాకు నేర్పిన పాఠం ఒక్కటే. కోపాన్ని తొలగించాలని చూస్తే కాపలా కూడా పోతుంది. చెయ్యగలిగిందల్లా చోటు పెంచడం, చాటు కల్పించడం, బలహీనమైనదానికి వెళ్ళే దారి ఒకటి ఎప్పుడూ తెరిచి ఉంచడం. ఆ దారి ఉన్న తొట్టిలో కోపం హద్దు మీదే నిలబడి పిల్లల్ని కాస్తుంది. లేని తొట్టిలో ఇంటినే కాలుస్తుంది.

ప్రస్తుతం మా ఇంట్లో అంగుళం సైజు పిల్లలు అరవైకి పైగా ఉన్నాయి. తొట్టి సిద్ధం చేసుకుని, నెలన్నర ఓపిక పట్టగల సభ్యులెవరైనా పండుగ రోజు నన్ను పట్టుకోండి. ఆరేసి చొప్పున సంచిలో కట్టి ఇస్తాను. కట్నకానుకలు అక్కరలేదు. సంబంధాలు మాత్రం అవే చూసుకుంటాయి.